గ్రీన్‌లాండ్‌పై మిర్కాబ్ తీర్మానం

జనవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు, కువైట్‌ నగరం మిర్కాబ్‌లో ఒక హోటల్ మేడ మీద, కొందరు తెలుగువాళ్ళు గ్రీన్‌లాండ్‌ను ఎవరికీ అమ్మకూడదని తీర్మానించారు. అంతకుముందు బిర్యానీ తిన్నారు.

సంఘం అధ్యక్షుడు సోమేశ్వరరావుది అమలాపురం. కువైటీ ఇళ్ళకు పనిమనుషులను తెప్పించే ఆఫీసు నడుపుతారు. తీర్మానం ఆయన ఆలోచన. ఫొటోగ్రాఫర్‌ను కూడా ఆయనే పిలిపించారు.

మెట్ల దగ్గర చంద్రిక కాచుకుని ఉంది. ఊరు రాయచోటి. ఆయన ఆఫీసు ద్వారానే సాల్మియాలో ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆమెను ఊరికి దూరంగా ఎడారిలో, కబ్ద్‌లో ఉన్న తన తమ్ముడి తోటకు పంపుతానంటోంది.

"నేను పోను సార్. ఆడ ఆడోళ్ళెవురూ లేరంట. మామాకు ఒక మాట చెప్పండి. ఇంగో ఇల్లు చూడండి."

"మీటింగ్ అవనీ అమ్మా. ఈలోగా అందరికీ టీ ఇయ్యి."

షుఐబాలో అకౌంటెంట్‌గా పనిచేసే రమేష్‌బాబు లేచి విషయం వివరించాడు.

"ఆయ్, గ్రీన్‌లాండ్ డెన్మార్క్ కింద ఉందండి. సొంత పార్లమెంటుంది. చేపలూ స్కూళ్ళూ ఆస్పత్రులూ వాళ్ళ చేతిలోవే. సైన్యం, విదేశీ వ్యవహారాలు మాత్రం డెన్మార్క్‌వి. విడిపోవాలంటే జనం ఓటెయ్యాలి, డెన్మార్క్ పార్లమెంటూ ఒప్పుకోవాలి."

"అంటే మనలాగే. ఉండటానికి ఇఖామా ఉంది, వదిలి పోవాలంటే రిలీజ్‌కి యజమాని, అదే కఫీల్, సంతకం కావాలి," అన్నాడు ఉదయ్‌కుమార్ అనే ఇంకో సభ్యుడు.

అందరూ నవ్వారు. చంద్రిక నవ్వలేదు.

"అమెరికా వాడు కొంటాడంటండి! మనుషులున్న దీవండి అది. గేదెనా బేరం పెట్టడానికి?" అన్నాడు రమేష్‌బాబు. చప్పట్లు కొట్టారు.

సోమేశ్వరరావుకు ఫోన్ వచ్చింది. కిటికీ దగ్గరకు వెళ్ళి అరబ్బీలో మాట్లాడారు. రెండుసార్లు "ఖలాస్" అన్నారు. తిరిగి వచ్చి తీర్మానం చదివారు.

"అక్కడి ప్రజలను అడగకుండా వారి గురించి ఎవరూ నిర్ణయించరాదు. ఒప్పుకునేవారు చేతులెత్తండి."

చేతులు లేచాయి. చంద్రిక కూడా ట్రే కింద పెట్టి చెయ్యెత్తింది.

"నువ్వెందుకమ్మా?"

"అడగల్లని మీరే అంటాండారు కదా సార్. నన్ను గూడా అడగండి."

"ఇది అంతర్జాతీయ విషయం. సభ్యులకే ఓటు. చెయ్యి దించు."

"మరి నా సంగతి సార్?"

"అయిపోయింది. ఇప్పుడు ఫోన్ చేసింది మీ మామాయే. ఆదివారం పొద్దున కారొస్తుంది."

చంద్రిక చెయ్యి దించలేదు. ఫొటోలో పడకుండా ఆమెను పక్కకు జరగమన్నారు. తీర్మానం ఏకగ్రీవమని రాసుకున్నారు.

డెన్మార్క్ ప్రభుత్వానికి పంపిన ఈమెయిల్, చిరునామా తప్పని ఆ సాయంత్రమే తిరిగి వచ్చింది.

ఆదివారం పొద్దున కారు వచ్చింది. చంద్రిక ఇంట్లో లేదు. పనిమనిషి పారిపోయిందని మామా ఫిర్యాదు పెట్టింది. దాన్ని సోమేశ్వరరావు ఆఫీసులోనే టైపు చేశారు.

మధ్యాహ్నానికి చంద్రిక భారత రాయబార కార్యాలయం గేటు లోపల ఉంది.