ముక్కుపిన్ని మొహం

కొందరికి ముక్కుమీద కోపం ఉంటుంది. రెండో అంతస్తు పిన్నిగారికి ముక్కులోపలే ఉండేది. ఎదురింట్లో పాలు మాడితే ఈవిడ తన స్టవ్ దగ్గరికి పరిగెత్తేది. భర్తగారు ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పకముందే, మధ్యాహ్నం ఎవరి డబ్బాలో చెయ్యి పెట్టారో చెప్పేసేది. "పోలీసు కుక్కకి కూడా జీతభత్యాలుంటాయి, నీదే ఉచిత సేవ," అనేవాడాయన. మెట్ల మీద ఎదురుపడితే అందరికీ ఆవిడ పిన్నిగారే. మలుపు తిరగ్గానే మాత్రం ముక్కుపిన్ని. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసిన సంగతి మర్చిపోయే అలవాటు ఆవిడకి లేదు.

కింది వాటాలోకి ఒక అమ్మాయి అద్దెకి దిగింది. ఒంటరి మనిషి. ఇంట్లో వండి, చుట్టుపక్కల షాపులవాళ్ళకి మధ్యాహ్నం క్యారియర్లు పంపడం ఆమె బతుకుతెరువు. ఆమె దిగినప్పటి నుంచి పిన్నిగారికి మెట్లు దిగడం ఒక గండమైంది. తలుపు పక్కన పెట్టిన చెత్తసంచీ అడుగున కారి, మెట్టు మీద జిగురుగా ఎండిపోయేది. చేపల పొట్టలో, కుళ్ళిన ఉల్లిపాయలో, రెండూ కలిసి కాపురం పెట్టాయో. తడిగుడ్డలు కుప్పగా పడేసినచోటే మాగేవి. ఆ అమ్మాయి పక్కనుంచి నడిచి వెళ్తే, నీళ్ళు మార్చని పూలకుండీ నడిచి వెళ్ళినట్టుండేది. దానికి ముక్కు లేదా, సిగ్గు లేదా అని ఆశ్చర్యపడి, సిగ్గే లేదని తేల్చుకుంది పిన్నిగారు. "కుళ్ళుబుట్ట" అని పేరు కూడా పెట్టింది. పేర్లు పెట్టడంలో ఆవిడది మంచి చెయ్యి. రెండు రోజుల్లో బిల్డింగంతా అదే పేరు.

ఒక ఉదయం ఆ కుళ్ళుబుట్టే పైకొచ్చి తలుపు కొట్టింది. చేతిలో మూతపెట్టిన గిన్నె. "పిన్నిగారూ, ఇది కాస్త వాసన చూస్తారా?" అంటూ మూత తీసి ముక్కు కిందికి చాపింది.

రాత్రి చేపల కూర. పులిసి, అంచుల్లో సన్నగా నురగ కట్టి ఉంది. పిన్నిగారి కడుపులోంచి ఏదో గొంతుదాకా వచ్చి, పెద్దమనిషి తరహాలో మళ్ళీ వెనక్కి వెళ్ళింది. కంపు కంటే కారంగా తగిలింది ఆ మాట. తన వెనక అందరూ అనుకునే పేరు ఈ పిల్ల చెవిన కూడా పడిందన్నమాట. ఇన్నాళ్ళూ వెనక అన్నవాళ్ళే గానీ, గిన్నె పట్టుకుని గుమ్మంలోకొచ్చి వెక్కిరించినవాళ్ళు లేరు. మొహం వంకరలు తిప్పి, ముక్కు మూసుకుని, తలుపు ధడాలున వేసేసింది.

ఆ రోజు నుంచీ ఆ పిల్ల బరితెగించిందనుకుంది. పిన్నిగారు బజారుకి దిగే వేళకి సరిగ్గా తలుపు బార్లా తెరిచి ఉండేది. గుమ్మం దగ్గర బల్ల మీద కూరలు, పాలు, ఉతికిన బట్టలు. వాటి వెనక నిలబడి ఆ అమ్మాయి ఈవిడ మొహంలోకి గుడ్లప్పగించి చూసేది. పిన్నిగారు ఎన్నాళ్ళని ఊరుకుంటుంది? ఉన్న అసహ్యమంతా కూడగట్టుకుని మొహంలోకి తెచ్చుకుని మరీ దిగేది.

అంతలో ఎలక చచ్చింది.

మొదట తియ్యగా వచ్చింది వాసన, తర్వాత చిక్కబడింది. కింది వాటాలోంచేనని పిన్నిగారు చెప్పింది. వాచ్‌మన్ వెళ్ళి బీరువా జరిపి, తోక పట్టుకు లాగితే తోక ఒక్కటే చేతిలోకి వచ్చింది. మిగిలింది చీపురుతో తోయాల్సి వచ్చింది. తోస్తుంటే కదులుతోంది, ఎలక కాదు, దాని మీద పురుగులు. ఆ అమ్మాయి తెల్లబోయి చూస్తూ నిలబడింది. ఆ చూపు నటనని పిన్నిగారి నిశ్చితాభిప్రాయం.

అక్కడితో ఊరుకోలేదావిడ. ఎదురు షాపు దర్జీ ఆ అమ్మాయి క్యారియరే తింటాడని తెలిసి, జాకెట్టు కుట్టించుకునే నెపంతో వెళ్ళి, కొలతకి పాతది ఇస్తూ ఎలక కథ చెప్పింది. "పురుగులు పాకిన గదికీ నీ అన్నం ఉడికే పొయ్యికీ మధ్య గోడ కూడా లేదు నాయనా," అంది. అప్పుడే ముద్ద నోట్లో పెట్టుకున్న దర్జీ నమలడం మానేశాడు. అది మింగాలో ఉమ్మాలో తెలియక చాలాసేపు బుగ్గనే పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి అతను మానేశాడు. తర్వాత మంగలి. ఆ తర్వాత ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళు. ఓనరు చెవిలో కూడా పిన్నిగారే వేసింది. ఆయన వచ్చి నెలాఖరుకి ఖాళీ చెయ్యమని ఆ అమ్మాయికి చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం పిన్నిగారు మెట్ల మీద నిలబడి ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చుకుంది.

ఖాళీ చేసే రోజు మధ్యాహ్నం పడుకుని ఉంటే గుప్పున గ్యాసు వాసన తగిలింది. పోతూ పోతూ ఇదొకటా అని తిట్టుకుంటూ పిన్నిగారు కిందికి దిగింది. తలుపు తెరిచే ఉంది. కరెంటు తీసేశారు. మూటల మధ్య ఆ అమ్మాయి వంగి, చీకటి అల్మరాలో ఏదో వెతుక్కోవడానికి అగ్గిపెట్టె తెరిచి పుల్ల బయటికి తీసింది.

పిన్నిగారు ఎలా వెళ్ళి లాక్కుందో ఆవిడకే గుర్తులేదు. పొయ్యి మీట సగం తిరిగి ఉంది, సర్దేటప్పుడు ఏ గిన్నో తగిలుంటుంది. మీట కట్టేసి, కిటికీలు తెరిచి, ఆయాసపడుతూ అంది: "నీ ముక్కు ఎవరికైనా అద్దెకిచ్చావా? గది నిండా గ్యాసే కదుటే!"

"గ్యాసా?" అంటూ ఆ అమ్మాయి ఉన్నచోటే కూలబడింది. "నిరుడు జ్వరమొచ్చి తగ్గింది పిన్నిగారూ. వాసన మాత్రం తిరిగి రాలేదు. పువ్వయినా, పేడయినా నాకొకటే."

"మరి ఆ ముక్క చెప్పొచ్చుగా?"

"వండి అమ్ముకునేదాన్ని. వాసన తెలీదంటే ఎవరు తింటారు?" అంది. "మీరు గట్టివారని వాచ్‌మన్ చెప్పాడు. ముక్కుపిన్నిగారికి తెలియని వాసన లేదన్నాడు. అందుకే గిన్నె పట్టుకొచ్చాను. మీరు తలుపేసుకున్న తీరు చూసి కూరంతా పారబోశాను. మంచిపని చేశారు, లేకపోతే అందరికీ పెట్టేసేదాన్ని."

పిన్నిగారు పక్కనున్న మూట మీద కూర్చుంది.

"తర్వాత మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. మీరు దిగే వేళకి అన్నీ బల్ల మీద పెట్టుకుని మీ మొహం చూసేదాన్ని. మామూలుగా ఉంటే పంపేదాన్ని, చిట్లిస్తే పారబోసేదాన్ని. కానీ ఈమధ్య రోజూ చిట్లిస్తున్నారు. తాజాగా వండినవీ పారబోశాను. మరి నాకేం తెలుస్తుంది?"

పిన్నిగారు అక్కణ్ణించి లేచి తిన్నగా ఓనరుకి ఫోన్ చేసింది. ఆయన వాటా వేరేవాళ్ళకి ఇచ్చేశాడట. పైగా మీ బాధ పడలేకే కదండీ అని నిష్ఠూరమాడాడు. దర్జీ దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల మంచిది, వంట శుభ్రమైనదే అని నచ్చజెప్పింది. అతను కత్తెర పక్కన పెట్టి, "అయ్యుండొచ్చు పిన్నిగారూ. కానీ ఇప్పుడు ఆ క్యారియర్ మూత తీస్తే నాకు తోకే కనిపిస్తుంది," అన్నాడు. ఒకరి చెవిలో పోసిన రోత తోడితే వచ్చేది కాదు.

ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి చివరి మూట కడుతోంది. ఇవేవీ అడగలేదు. అడిగిందొక్కటే. "కొత్తచోట నేనెవర్నీ ఎరగను. నా బట్టలు వాసనొస్తున్నాయేమో చూసి చెప్తారా?" అంటూ చెయ్యి చాపి జాకెట్టు చేతిని చూపించింది.

పిన్నిగారు జన్మలో మొదటిసారి మొహాన్ని అదుపులో పెట్టుకోవాలని చూసింది. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పింది ఆ మొహమే. ఇప్పుడు మర్యాదకి మరో అబద్ధమా? వంగి వాసన చూసింది. బకెట్లో మరిచిపోయిన గుడ్డ వాసన. మొహాన్ని దాని మానాన వదిలేసింది.

"వస్తోందన్నమాట," అంది ఆ అమ్మాయి.

"వస్తోంది. ఆరకుండానే మడిచావు. ఆ మూట ఇలా ఇయ్యి."

పైకి తెచ్చి మెషీన్లో వేస్తుంటే వాంతి రాబోయింది. నిజం తెలిసినంత మాత్రాన కంపు పరిమళమవుతుందా? ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే విప్పి వేసింది. హాల్లోంచి భర్తగారు తొంగిచూసి, "ఏమిటే, మన కుళ్ళుబుట్టవా ఆ బట్టలు?" అన్నాడు నవ్వుతూ.

పేరు బాగా అతుక్కుంది. చెప్పాగా, ఆవిడది మంచి చెయ్యి.

"వెళ్ళి నోరు కడుక్కోండి," అంది పిన్నిగారు. ఆయన వెళ్ళలేదు, పేపరు చదువుకుంటున్నాడు. ఆవిడే బేసిన్ దగ్గరికి వెళ్ళి, బట్టలసబ్బు తీసుకుని, తన నోరు కడుక్కుంది.