బయట వేసిన తాళం

కింద వడ్రంగి కొట్లో వార్నిష్ డబ్బాలు అంటుకున్నాయన్న కేక వినగానే సిపాయి కంచం ముందు నుంచి లేచాడు. సెలవు మీద వచ్చినవాడికి తల్లి చేతి అన్నం స్థిమితంగా తినే రాత కూడా లేదు. ముందు తల్లిని వీధిలోకి దించాడు. తర్వాత పై అంతస్తు టీచరమ్మ పిల్లలిద్దరినీ చెరో చంకలో పెట్టుకుని దిగాడు. మళ్ళీ వెళ్ళి దర్జీనీ, నిండు నెలలతో ఉన్న ఆయన కూతురినీ తెచ్చాడు.

అందరూ వచ్చేశారా అని దగ్గుతూ అడిగాడు. మీ అంతస్తులో ఎదురింటికి తాళం వేసి ఉంది, అక్కడెవరూ లేరన్నాడు వడ్రంగి.

ఆ తాళం సంగతి సిపాయి తల్లికి తెలుసు. ఎదురింటి కోడలు నర్సు. మతి చెదిరిన అత్త వీధినపడి తప్పిపోతుందని, పనికి వెళుతూ బయట తాళం వేసుకుపోతుంది. గుమ్మాల మధ్య పెట్టిన చెప్పుల బల్ల దగ్గర తగువొచ్చి రెండిళ్ళకూ ఏడాదిగా మాటల్లేవు గానీ, రోజూ తాళం పడే చప్పుడు వినకుండా ఎలా ఉంటుంది?

చెబితే వీడు మళ్ళీ ఎక్కుతాడు. కన్నతల్లికి ఆ మాత్రం తెలియదా! చెప్పకపోతే అడిగేవాళ్ళెవరు? ఉన్నది ఒక్కగానొక్క కొడుకు. వాడు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. మెట్ల కిటికీలోంచి పొగ నల్లగా తన్నుకొస్తోంది.

"నాన్నా, ముసలావిడ లోపలే ఉందిరా," అంది చివరికి.

అతను వడ్రంగి చేతిలోని సుత్తి అందుకుని, తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని లోపలికి దూరాడు.

పైన సుత్తి దెబ్బలు వినిపించాయి. తర్వాత ఆగిపోయాయి. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. తల్లి రోడ్డు మీదే కూలబడింది.

ఫైరింజను వాళ్ళు గొట్టాలు విప్పుతుండగా అతను దుప్పటి మూట భుజాన వేసుకుని దిగాడు. జుట్టు మాడింది, చేతులు బొబ్బలెక్కాయి. మూట దగ్గింది.

ఎవరో ఫోన్ చేస్తే నర్సు ఆయాసపడుతూ వచ్చింది. అత్తను ఒళ్ళంతా తడిమి చూసుకుంది. వడ్రంగి జరిగింది చెప్పగానే వచ్చి సిపాయి తల్లి చేతులు పట్టుకుంది.

"మీరు చెప్పబట్టి దక్కింది పిన్నిగారూ."

"వెంటనే చెప్పలేదమ్మా," అంది ఆవిడ, చేతులు లాక్కోబోతూ. "వాడు మొహం కడుక్కునేదాకా ఊరుకున్నాను."

నర్సు సిపాయి బొబ్బల వైపు చూసింది. ఆవిడ చేతులు మాత్రం వదల్లేదు.

"తాళం వేసింది నేను కదండీ," అంది.