సత్తిబాబు లారీకి కట్టిన సైలెన్సర్

ఇలా దగ్గరికి జరుగు రత్నా, ఆ కిటికీ రెక్క కూడా వెయ్యి. రోడ్డు మీద బళ్ళ మోతలో నా మాట సగమే వినపడుతుంది. ఇది సగం వినే కథ కాదు.

ఎనభైమూడు ప్రాంతంలో మీ ముత్తాత జోసఫ్‌గారు పోయారు. నేను కోడలిగా వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. కనకాలపేట సమాధుల తోటలో, రోడ్డు పక్క గోడవారనే గొయ్యి తీశారు. పెట్టె దించి పాస్టరుగారు ఆఖరి ప్రార్థన మొదలుపెట్టగానే గోడ అవతల ఒక లారీ వచ్చి ఆగింది. రొయ్యలు తోలే సత్తిబాబుది. బండి బాగా లాగుతుందని సైలెన్సర్ పీకించేసి వట్టి గొట్టం ఉంచుకున్నాడు. ఆ మోతకి గోడ మీది కాకులన్నీ లేచిపోయాయి. మీ తాతయ్య దావీదు వెళ్ళి, కాసేపు ఇంజను ఆపమని చేతులు పట్టుకుని అడిగాడు. ఆపితే మళ్ళీ సెల్ఫ్ అందుకోదన్నాడు సత్తిబాబు. పైగా యాక్సిలేటర్ తొక్కి నవ్వాడు.

"చచ్చినోడికేం వినపడుద్దయ్యా?"

మా అత్తగారు సారమ్మగారు గోతి అంచున నిలబడి పాస్టరుగారి పెదవులు కదలడమే చూసింది. ఒక్క మాట చెవిన పడలేదు. మేం ఎత్తుకున్న పాట మాకే వినపడలేదు. పిడికెడు మన్ను వేసి వచ్చేశాం. దేవుడు విన్నాడమ్మా అని పాస్టరుగారు ఎంత చెప్పినా ఆవిడ మనసు కుదుటపడలేదు. దేవుడు వింటాడు, వినాల్సింది నేను కదా అనేది.

కొన్నాళ్ళకి పోలీసులు ఆ మోతతో ఊళ్ళో అడుగుపెట్టవద్దని సత్తిబాబుకి గట్టిగా చెప్పారు. సైలెన్సర్ కట్టించుకోవడానికి ఎక్కడికొచ్చాడనుకున్నావు? మీ తాతయ్య వెల్డింగు షెడ్డుకే. ఆ రోజు ఎవరి పెట్టె దగ్గర నవ్వాడో అతనికి గుర్తే లేదు. పొమ్మని చెప్పేస్తానని మీ తాతయ్య అన్నం దగ్గర అంటే, కూర వడ్డిస్తున్న అత్తగారి చెయ్యి ఆగింది.

"ఒప్పుకో. దాని నోరు పూర్తిగా మూయించెయ్."

"పూర్తిగా మూయిస్తే బండి లాగదే అమ్మా."

మీ తాతయ్య పొయ్యి చూపించి విడమరిచి చెప్పాడు. సైలెన్సర్ అంటే డబ్బా, లోపల చిల్లుల రేకులు. ఇంజను వదిలిన పొగ ఆ చిల్లుల్లో తిరిగి తిరిగి, ఉధృతం తగ్గి బయటపడుతుంది. చిల్లులు సరిగ్గా పెడితే మోతా తగ్గుతుంది, పొగా పోతుంది. మరీ సన్నవైతే పాత పొగ లోపలే ఉండిపోతుంది, కొత్త గాలికి చోటుండదు. పొగ పోయే కన్నం మూసేసిన పొయ్యిలాగే డీజిలు సరిగ్గా మండదు. ఖాళీ బండికి ఆ తేడా అంతగా తెలియదు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడే ఊపిరాడదు.

"ఎత్తంటే? రేవు గట్టంత ఎత్తా?"

మీ తాతయ్య తల్లి ముఖంలోకి చూశాడు. అవునన్నాడు.

"అయితే సన్న చిల్లులే పెట్టు నాయనా."

అలాగే కట్టాడు. సత్తిబాబు ఖాళీ లారీని బజారంతా తిప్పి, పిల్లిలా నడుస్తోందని మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్న రేవులో పడవల నుంచి రొయ్యలు దింపుకుని, ఐసు నింపుకుని గట్టెక్కబోయాడు. సగం ఎక్కేసరికి బండి ఆయాసపడి, నల్లటి పొగ కక్కి నిలిచిపోయింది, ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది. వెనక్కి జారకుండా చక్రాల కింద రాళ్ళు వేశారు. మళ్ళీ ఎక్కించబోతే మళ్ళీ అక్కడే. ఎండ ముదురుతోంది. తల నల్లబడిన రొయ్యని కాకినాడ కంపెనీవాళ్ళు ముట్టుకోరు. కబురందుకుని మీ తాతయ్య రంపం పట్టుకుని వెళ్ళాడు. వెనకాలే గొడుగు వేసుకుని అత్తగారు, ఆవిడ వెనక నేను.

సైలెన్సర్ గొట్టం కోసెయ్యమని సత్తిబాబు బతిమాలాడు. మా అమ్మనడుగు అన్నాడు మీ తాతయ్య.

అత్తగారు లారీ ముందుకెళ్ళి నిలబడింది. "ముందు ఇంజనాపు."

"ఆపితే సెల్ఫ్ అందుకోదండి."

"కనకాలపేటలో గోడ పక్కనా ఇదే మాటన్నావు. ఆ గోతిలో ఉన్నది మా ఆయన. ఆయన ప్రార్థన బాకీ ఉండిపోయింది. అదయ్యాకే మావాడు రంపం పడతాడు."

అప్పటికి గుర్తొచ్చింది అతనికి. ఇంజను ఆపి కిందికి దిగాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తియ్యమంటే తీశాడు. చేపల బుట్టలు దించి మన సంఘపు ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. అత్తగారికి చదువు రాదు, ప్రార్థన నోటితోనే చేసింది. ఆయన పుట్టిన అగ్రహారం ఊరు, వల వేసిన పాయలు, పెంచిన పిల్లలు, అన్నీ దేవుడికి నిదానంగా చెప్పుకుంది. తర్వాత సమాధి పాట ఎత్తుకుంది. ఏ చరణమూ వదల్లేదు. అయిపోయిందనుకుని సత్తిబాబు కదలబోతే పల్లవి మళ్ళీ అందుకుంది. లారీ కింద నుంచి ఐసు నీళ్ళు ధార కట్టి గోదాట్లోకి పోతున్నాయి. అతను తువ్వాలు నలుపుకుంటూ ఆ ధారనే చూస్తూ నిలబడ్డాడు.

ఆమెన్ అన్నాక ఆవిడ పిడికెడు మన్ను తీసి నీళ్ళలో వేసింది.

"ఇప్పుడు వినపడింది నాకు. కొయ్యరా దావీదూ."

గొట్టం కోశాక, రాళ్ళు తీసి బండిని కాస్త వెనక్కి దొర్లిస్తే ఇంజను అందుకుంది. పాత మోతతోనే లారీ గట్టెక్కింది. కాకినాడ చేరేసరికి తలలన్నీ నల్లబడ్డాయట, సరుకంతా తిప్పి పంపేశారు. ఆ సంగతి తెలిసిన రోజు, మీకు పాపమనిపించలేదా అత్తయ్యగారూ అని అడిగాను.

"ఎవరు పాపం? రొయ్యలా?" అని కూరలో ఉప్పు చూసుకుంది.

ఇది మరిచిపోకు రత్నా. రేపు నీ పిల్లల్ని ఇలాగే కూర్చోబెట్టుకుని చెప్పు. ఎంత తొందరలో ఉన్నా, ఆవిడ పల్లవి మళ్ళీ అందుకున్న ముక్క మాత్రం వదిలిపెట్టకు.