శుక్రవారం నాటి కుంకుమ

మా అన్న శ్రీధరను స్టేషన్‌లో కొట్టి చంపినందుకు సబ్ ఇన్‌స్పెక్టర్ నాగేంద్రప్పకు కోలారు కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఆ తర్వాతి శుక్రవారం ఆయన భార్య గిరిజమ్మ మా ఇంటికి వచ్చింది. వెళ్ళేటప్పుడు మా అమ్మ ఆమెకు కుంకుమ పెట్టి పంపింది. మా ఇంట్లో జరిగింది ఇంతవరకే. మిగతాదంతా మా ఊరు ఆండర్సన్‌పేట చేసింది.

నేనప్పుడు వసారాలో కూర్చుని మా హైస్కూలు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. దీపాలు పెట్టే వేళ. గిరిజమ్మ గేటు దగ్గరే చెప్పులు విడిచి, ఎవరూ రమ్మనకుండానే లోపలికి వచ్చి, అమ్మ ఎదురుగా నేలమీద కూర్చుంది. కోర్టులో చాలాసార్లు చూసిన మనిషే. దగ్గరగా చూస్తే ఇంత చిన్నదా అనిపించింది. మా వదిన కంటే చిన్నది.

"నేను ఏమీ అడగను అమ్మా, సుమ్మనే, ఊరికే వచ్చినాను," అంది.

ఆ పిల్ల కాసేపు ఏడ్చింది. అమ్మ నీళ్ళు తెప్పించి ఇచ్చింది. ఆమె తాగి లేచింది. అప్పుడు అమ్మ చెయ్యి గూట్లోని కుంకుమ భరిణె మీదికి పోయింది. గిరిజమ్మ నొసట పెట్టింది, పాపిట పెట్టింది, ఒక ఆకు, వక్క చేతిలో పెట్టింది. గిరిజమ్మ అమ్మ కాళ్ళకు మొక్కి వెళ్ళిపోయింది.

వంటింటి గడపలో మంగళ వదిన నిలబడి ఉంది. అంతా చూసింది. ముత్తైదువకు కుంకుమ పెట్టడమంటే నీ మొగుడు చల్లగా ఉండాలని దీవించడం. అది మా ఇళ్ళలో చిన్నపిల్లకు కూడా తెలుసు. వదిన నొసలు మూడేళ్ళుగా ఖాళీగా ఉంది.

గోడ అవతల బట్టలు తీస్తున్న పక్కింటి నారాయణమ్మ కూడా చూసింది.

మర్నాడు పొద్దున పాల డెయిరీ దగ్గర గిన్నె పట్టుకుని నిలబడితే ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి నాకు దండం పెట్టింది. "మీ యమ్మ దేవతప్పా. కొడుకును తిన్నోని పెండ్లానికి కుంకుమ పెట్టింది. ఎవురికి వస్తుంది ఆ మనసు?" అంది. ఆమె వెనకనుంచి ఒకాయన, "మనసు యాడిది? ఎంత ముట్టిందో అడుగు," అన్నాడు. క్యూలో సగంమంది నవ్వారు. నేను పాలు పోయించుకోకుండానే వచ్చేశాను. ఇంటికి వచ్చాక పాలేవని నాన్న అడిగారు.

అన్న సంగతి కూడా చెప్పాలి. మాది చిన్న నగల కొట్టు. గనిలో బంగారం దొంగతనం జరిగినప్పుడల్లా పోలీసులు మొదట నగల వీధికే వస్తారు. దొంగసొత్తు కొన్నావని అన్నను ఒక సాయంత్రం తీసుకుపోయారు. వదిన క్యారియర్‌లో అన్నం పట్టుకుని స్టేషన్‌కు పోయింది. లోపలికి వదల్లేదు. గోడ ఇవతల నిలబడి అన్న అరుపులు, నాగేంద్రప్ప తిట్లు విన్నది. తెల్లవారి అన్న గని వ్యర్థాలు పోసిన సైనైడ్ దిబ్బ కింద పడి ఉన్నాడు. పారిపోతూ దిబ్బ మీదినుంచి జారినాడని పోలీసులు రాసుకున్నారు. కేసు నిలబడింది వదిన సాక్ష్యం మీద. గోడ అవతలి గొంతు నీ మొగుడిదే అని ఎట్లా తెలుసు, అసలు నీకూ నీ మొగుడికీ మాటలున్నాయా అని నాగేంద్రప్ప లాయరు ఆమెను అడగరానివన్నీ అడిగాడు. ఆమె బోను పట్టుకుని నిలబడి అన్నిటికీ జవాబు చెప్పింది.

ఆ వారమంతా ఊరికి వేరే మాట లేదు. షిఫ్టు దిగి వచ్చే గని కార్మికులు కొట్టు ముందు ఆగి, లోపల కూర్చున్న నాన్నను చూసి పోయేవాళ్ళు. చర్చిలో అమ్మ పేరు మీద ప్రార్థన చేశారని మా స్కూలు ప్యూను చెప్పాడు. స్టాఫ్ రూములో లెక్కల మాస్టరు, "ఇంగ కేసు రాజీ అయిపోయినట్టే కదప్పా?" అన్నాడు. హత్య కేసులో రాజీ ఉండదని, శిక్ష వేసింది ప్రభుత్వమని, మా అమ్మ మన్నించినా మన్నించకపోయినా చట్టానికి పని లేదని నేను వివరంగా చెప్పాను. ఆయన ఓపికగా విని, "అట్లయితే ఎందుకు మన్నించినట్టు?" అన్నాడు.

నగల వర్తకుల సంఘం అధ్యక్షుడు చెన్నప్ప శెట్టి ఇంటికి వచ్చాడు. నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, అమ్మను వదినమ్మా అని పిలుస్తాడు. అమ్మకు సన్మానం పెడతామన్నాడు. ఆదివారం కల్యాణమంటపంలో, కొత్త ఇన్‌స్పెక్టరు ముఖ్య అతిథిగా.

"శేషాచలం, నా మాట విను. కేసు నడిచినన్నాళ్ళూ స్టేషనోళ్ళు మన వీధిని పీక్కుతిన్నారు. వారం వారం తనిఖీ. ఇప్పుడు వదినమ్మ పుణ్యాన మంచి కాలం వచ్చింది. ఆయమ్మ స్టేజీ ఎక్కి 'మన్నించినాను' అని ఒక్క మాట అంటే చాలు. పాత కసి పోతుంది. అందరం బతుకుతాము."

నాన్న తల ఊపారు. ఆయన చెన్నప్ప శెట్టికి ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"వాసుదేవా, నువ్వు బి.ఏ. చదివినోడివి. మీ యమ్మకు నాలుగు మంచి మాటలు నేర్పించు," అన్నాడు చెన్నప్ప శెట్టి వెళుతూ.

ఆయన గేటు దాటాక వదిన బయటికి వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు.

"మామా, ఆ మాట అత్త నోట వస్తే నేను ఈ ఇంట్లో ఉండను. శ్రీనివాసపురానికి పోతాను, మా అన్నోళ్ళ మామిడి తోటలో కాయలు ఏరుకుంటాను. బోనులో నిలబెట్టి నన్ను అన్ని మాటలు అన్నారే, అప్పుడు ఈ సంఘమోళ్ళు ఒక్కరన్నా వచ్చినారా? అత్త మన్నిస్తే నేను చెప్పింది ఏమైనట్టు? కసితో చెప్పినట్టు అవుతుంది. అబద్ధం చెప్పినట్టు అవుతుంది."

నాన్న కండువా సర్దుకున్నారు. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు.

నాకు ఆ రోజుల్లో కుదురు లేదు. స్కూల్లో పాఠం మధ్యలో ఎక్కడున్నానో మరిచిపోయేవాణ్ణి. చెన్నప్ప శెట్టి చెప్పిన పని నాకు పెద్దలు అప్పగించిన పని. వదిన చెప్పింది న్యాయం. ముందు అమ్మ మనసులో ఏముందో తెలుసుకోవాలని పెరట్లో ఆమె దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, నువ్వు ఆయన్ని మన్నించినావా?"

"నాకేం తెలుసురా?"

"నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"శుక్రవారం, దీపాల వేళ, ముత్తైదువ. ఒట్టి మొహంతో ఎట్ల పంపేది? చెయ్యి పోయింది, పెట్టేసినాను. పెట్టినాక మంగళ మొహం చూసినాను." అమ్మ అరచెయ్యి తిప్పి చూసుకుంది. "మంగళ కుంకుమ తుడిచింది నేనే గదరా. ఈ చేత్తోనే."

"ఆదివారం ఏం చెబుతావు మరి?"

"నువ్వు చెప్పు, ఏం చెప్పాల్నో. చదువుకున్నోడివి."

నేను ఏమీ నేర్పలేదు. నమస్కారం పెట్టి కూర్చోమని మాత్రం చెప్పాను. అదే తెలివైన మార్గమని అనుకున్నాను.

ఆదివారం మంటపం నిండిపోయింది. వదిన రానంది. స్టేజీ మీద అమ్మను ఇన్‌స్పెక్టరు పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకుని, కుర్చీ అంచున కూర్చుంది. చెన్నప్ప శెట్టి చాలాసేపు మాట్లాడాడు. క్షమకు మించిన ధర్మం లేదన్నాడు. ఈ తల్లి చేసిన పనితో మన పేట పేరు నిలబడిందన్నాడు. చప్పట్లు మోగాయి. శాలువా విప్పి అమ్మ భుజాల మీద కప్పబోయాడు. అమ్మ లేచి, చేత్తో ఆపింది.

"ఉండు చెన్నప్పా. ఏదో మాట్లాడమంటివే."

మైకు ఆమె ఎత్తుకు దించారు. నమస్కారం పెట్టింది. కూర్చుంటుందనుకున్నాను.

"ఆ పిల్లకు కుంకుమ పెట్టినాను. నిజమే. మళ్ళా వస్తే మళ్ళా పెడతాను. ఆ పిల్ల నన్నేం చేసింది? ఆయప్పను మన్నించినానని నేను యాడా అనలేదే. మీరే అనుకుంటిరి. దెబ్బలు తిన్నది నేను కాదు. తిన్నోడు పోయినాడు. విన్నది నా కోడలు. మన్నించమని అడిగేదుంటే ఆమెను అడగాల. ఆమె మన్నించనంటాది. జడ్జీ ఏసిన శిక్ష ఆయప్ప జైల్లో పడాల్సిందే. ఇంగేం ఉండాది చెప్పేదానికి? నేను పోతాను."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. వెనక వరసల్లో కొందరు కార్మికులు కొట్టారు. ముందు వరసలో మా వీధి వాళ్ళు కొట్టలేదు. ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. "వదినమ్మ అనేది ఏమిటంటే..." అని చెన్నప్ప శెట్టి మైకు అందుకునేలోపు అమ్మ మెట్లు దిగుతోంది. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

బయట ఒకావిడ, "దేవత అనుకుంటిమి, ఈమె గూడా మన మాదిరే," అంది పక్కావిడతో. ఇంకొకాయన, "మన్నించనప్పుడు కుంకుమ పెట్టేదెందుకు? ఊరి నోట్లో పడేదెందుకు?" అన్నాడు. చెన్నప్ప శెట్టి మా వెనకే వచ్చి నాన్నతో, "ఆడదాన్ని అదుపులో పెట్టుకోలేకపోయినావు శేషాచలం. రేపు తనిఖీకి మొదట నీ కొట్టుకే వస్తారు చూడు," అన్నాడు.

"రానీ. కొట్టు తెరిచే ఉంటాది," అన్నారు నాన్న. అన్నాక ఆయనే కొంచెం ఆశ్చర్యపోయినట్టు నిలబడ్డారు.

మేము ఇల్లు చేరేసరికి కబురు మాకంటే ముందు చేరింది. మంచం మీద వదిన ట్రంకు పెట్టె తెరిచి ఉంది. మడిచిన చీరలు అందులో ఉన్నాయి. ఆమె దాని పక్కనే కూర్చుని ఉంది.

"మళ్ళా వస్తే మళ్ళా పెడతానన్నావంట?" అంది అమ్మతో.

"అన్నాను."

"ఆయప్పను మన్నించేది నా దగ్గర ఉండాదన్నావంట."

"అదీ అన్నాను. తప్పా?"

వదిన పెట్టె మూత మీద చెయ్యి పెట్టి, తీసింది. లోపల సరిగ్గానే ఉన్న చీరను మళ్ళీ సర్దింది. నేను ఏదో ఒకటి చెప్పాలనుకుని నోరు తెరిస్తే నాన్న కళ్ళతో వద్దన్నారు.

"వాసూ, బెంగళూరు హైకోర్టులో ఆయప్ప అప్పీలు ఎప్పుడు?" అంది చివరికి.

"వచ్చే నెల. మనం పోవాల్సిన పని లేదు వదినా. సర్కారు లాయరే చూసుకుంటాడు."

"పోవాల. ఆ రోజు పొద్దున రైలుకు పోదాం."

"నేనూ వస్తాను," అంది అమ్మ.

"ఆయప్ప పెండ్లాం గూడా వస్తాది అక్కడికి. నువ్వు ఆమెతో మాట్లాడగూడదు."

అమ్మ అబద్ధం చెప్పి ఆ పూట గడుపుకోవచ్చు. వదిన ఆగిపోయేది. అమ్మ అలా చెప్పలేదు.

"మాట్లాడనని చెప్పలేనమ్మా. ఎదురుపడితే ఏం చేస్తానో నాకే తెలీదు."

వదిన ఆమెను కన్నార్పకుండా చూసింది. తర్వాత లేచి, పెట్టెను మంచం మీదినుంచి కిందికి దించింది.

"అట్లయితే కోర్టులో నా పక్కనే కూర్చో," అంది. "ఏం మాట్లాడినా నాకు వినపడాల."