మేస్త్రి భావన

ముప్పై ఏడో చాప పరిచాక మొగిలి నడుం నిలబెట్టి, ఎడమ మోకాలికి ఒక నిమిషం సెలవిచ్చాడు. ఇంకా మూడు చాపలున్నాయి. ఆపైన చాపకొకటి చొప్పున నలభై గుండ్రటి మెత్తలు సర్దాలి. గచ్చిబౌలిలోని ఆ అద్దాల భవనంలో అది పదకొండో అంతస్తు. కింద రోడ్డు మీద ఆఫీసు బస్సులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడి ఉన్నాయి.

మొగిలి పరిచిన చాపల వరసకు దారం పట్టి చూసినా వెంట్రుకవాసి తేడా దొరకదు. ఒకప్పటి తాపీపని చెయ్యి అది. యాభై ఆరేళ్లుంటాయి. మనిషి సన్నం. హౌస్‌కీపింగ్ వాళ్లిచ్చిన బూడిదరంగు చొక్కాలో ఇంకో మొగిలి కూడా పట్టేంత ఖాళీ ఉంటుంది. ఎడమకాలు కుడికాలి కంటే రెండు వేళ్ల మందం పొట్టి. అందుకని నడుస్తుంటే ప్రతి రెండో అడుక్కీ ఎవరికో దండం పెడుతున్నట్టు ఒంగుతాడు. కొత్తగా చేరిన పిల్లలు ఆ వంగడం చూసి ఎంత మర్యాదస్తుడో అనుకుని తిరిగి దండం పెట్టిన సందర్భాలున్నాయి.

జేబులో ఫోను మోగింది. అవతల యాదయ్య. ఇద్దరూ ఒకప్పుడు ఒకే మేస్త్రి కింద సిమెంటు మాలు మోసినవాళ్లు. ఇప్పుడు యాదయ్య బాలానగర్‌లో ఒక లేతు మిషన్ల షెడ్డుకి కాపలా ఉంటున్నాడు.

"ఏం రా, పనిల ఉన్నవా? ఈశ్వరయ్య మేస్త్రి సంగతి ఇన్నవా? మా షెడ్డు ఎనకనే కిరాయికుంటడు గద. దవాఖానోళ్లు ఇంటికి తోల్కపొమ్మన్నరు. పొద్దుగూకేదాంక ఉంటడో లేడో. నోట్ల ఇన్ని నీళ్లు పోసెటోడు గూడ లేడు. వస్తవా?"

"నేనెందుకు?"

"ఎందుకంటే నేనేం జెప్త. అడిగిన, గంతే."

"జూస్త" అని మొగిలి ఫోను పెట్టేశాడు. ముప్పై ఎనిమిదో చాప కొంచెం వంకర పడింది. మళ్లీ సరిచేశాడు.

ఈశ్వరయ్య మేస్త్రి సామాన్యుడు కాడు. ఆయన మాదాపూర్‌లో కేకేస్తే కొండాపూర్‌లో మాలు కలుపుతున్నవాడు పార కింద పెట్టేవాడట. గోడ వంక ఆయన ఓరగా చూస్తే గోడే భయపడి నిటారుగా నిలబడేదని కూలీలు ఒట్టేసి చెప్పేవారు. ఇరవై ఏళ్ల కిందట ఒక వానాకాలం పొద్దున, గోడకు ఆనించి బొంగులు కట్టి లేపిన గోవ మంచె ఇంకా తడారకముందే, ఆ మేస్త్రి మొగిలిని మూడో అంతస్తుకి ఎక్కించాడు. కాలు జారింది. కింద ఇసుక కుప్ప ఉండబట్టి ప్రాణం మిగిలింది, కాలు మిగల్లేదు. ఇంజనీరు పరుగెత్తుకొచ్చి ఎట్లా పడ్డాడని అడిగితే మేస్త్రి వేలెత్తి చూపించి, "కల్లు తాగి ఎక్కిండు సార్" అన్నాడు.

మొగిలి పుట్టి బుద్ధెరిగాక కల్లు ముంత వాసన కూడా చూసినవాడు కాదు. ఆ మాట మాత్రం ఆయన కంటే ముందే ఊరు చేరింది. అప్పటినుంచి జనగామ దిక్కున ఆయన పేరు కల్లు మొగిలి. తాపీ పట్టనిచ్చినవాడు లేడు. అన్నిటికంటే లోతుగా దిగిన ముల్లు ఇంకొకటుంది. దవాఖాన మంచం పక్కన కూర్చుని భార్య బాలమ్మ గొంతు తగ్గించి అడిగింది, "నిజం జెప్పు, తాగినవా?" అని.

తొమ్మిదింటికి గది నిండింది. పాఠం చెప్పే కిరణ్మయిది అమలాపురం. అదే కంపెనీలో ఉద్యోగం. మంగళ, గురువారాలు పొద్దుటిపూట మాత్రం బుద్ధుడు నేర్పిన ధ్యానం నేర్పుతుంది. మెత్తటి గొంతు. మందపాటి అద్దం తలుపు దాటి, ఏసీ హోరులో పడి బయటికొచ్చేసరికి ఆ గొంతులో సగమే మిగులుతుంది. తలుపు బయట నిలబడి ఎవరూ చప్పుడు చెయ్యకుండా చూడటం మొగిలి పని.

ఏడాదిన్నర కిందట మొదటిరోజు ఆయన చెవిన పడిన మాటలివి: "మేస్త్రిని మనసులోకి తెచ్చుకోండి. గుండె నిండా మేస్త్రిని నింపుకోండి."

మొగిలికి ఒళ్లు మండింది. నా గుండెల ఆనికి జాగెక్కడిది అనుకున్నాడు. తర్వాత ఆలోచనలో పడ్డాడు. లోపల నలభై మంది కుర్చీ ఉద్యోగాలవాళ్లు కళ్లు మూసుకుని అదే పని చేస్తున్నారు. వీళ్లకి మేస్త్రిలెక్కడివి? ఎందుకుండరు, మేనేజర్ అంటే మేస్త్రే గద. ఇంత చదువుకున్నవాళ్లే వాళ్ల మేస్త్రిల్ని గుండెలో పెట్టుకుంటుంటే తనకేమిటి గొప్ప? బుద్ధ దేవుడు కూడా ఏ మేస్త్రి కిందో పనిచేసే ఉంటాడు, లేకపోతే ఇంత కచ్చితంగా చెప్పలేడు. అలా సమాధానపడి కళ్లు మూసుకున్నాడు.

మొదట్లో మేస్త్రి మొత్తంగా వచ్చేవాడు కాదు. ఆ చూపించిన వేలొక్కటే వచ్చేది. దాన్నే పట్టుకుని, ఆ వేలు చల్లగుండాలె అనుకునేవాడు. మూడు నెలలకి చెయ్యి వచ్చింది, సిమెంటు తిని పగిలిన చెయ్యి. మరుసటి వానాకాలానికి ఇంకో సంగతి కనపడింది. ఇంజనీరు ముందు ఎత్తిన ఆ వేలు ఆ పొద్దున వణికింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ గుర్తుకు రాని వణుకు. అంత గొంతున్న మనిషికి భయమేసిందన్నమాట. ఆ రోజు మొగిలి చాపలు చుడుతూ చాలాసేపు ఒకే చాప చుట్టాడు.

ఆయనకు తెలియని ముచ్చట ఇంకొకటుంది. రోజూ చూస్తూ కూడా పేరు తెలియని మనిషినొకరిని తలచుకుని మేలు కోరమని కిరణ్మయి చెప్పినప్పుడు, లోపల సగానికి సగం మంది తలచుకునేది చాపలు పరిచే ఈయన్నే. ఇరవై మంది వారానికి రెండుసార్లు ఇంత గట్టిగా దీవిస్తున్నా మోకాలి నొప్పి పిసరంత తగ్గలేదు. అది మోకాలి మొండితనం.

యాదయ్య ఫోను చేసిన ఆవేళ పాఠం అయిపోయి అందరూ వెళ్లిపోయినా మొగిలి కళ్లు తెరవలేదు. పెదవులు కదులుతున్నాయి. కిరణ్మయి దగ్గరికొచ్చి ఆగింది.

"మొగిలిగారూ, ఒంట్లో బానే ఉందాండీ?"

"మంచిగనే ఉన్న మేడం. మీరు జెప్పిందే జేస్తున్న."

"నేనేం చెప్పానండీ?"

"గదే, మేస్త్రిని గుండెల నింపుకొమ్మని."

కిరణ్మయికి నవ్వాగలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మేస్త్రి కాదండీ బాబూ, మైత్రి. అంటే అందరూ చల్లగా ఉండాలని కోరుకోవడం."

"ఎవలెవలు?"

"ముందు మనం. తర్వాత మనవాళ్లు. తర్వాత ముక్కూ మొహం తెలియనివాళ్లు. మనకి చెడు చేసినవాళ్ల దాకా రావడం ఆఖర్నండి."

"నేను సీదా ఆడికెల్లే మొదలువెట్టిన" అన్నాడు మొగిలి. ఆవిడ అడిగితే గోవ సంగతి, వేలి సంగతి, యాదయ్య ఫోను సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"ఆరేళ్లుగా నేర్పుతున్నానండీ" అంది. "ఆ ఆఖరి మెట్టు దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ గంట కొట్టి లేపేస్తాను. గంట నా చేతిలోనే ఉంటుంది కదా."

మొగిలి చాపలకేసి చూశాడు. "అయితే మేడం, ఆని మంచి కోరమని నాకు ఎవలు జెప్పనట్టే."

"లేదండీ. ఎవరూ చెప్పలేదు."

రెండింటి దాకా ఆయన కాఫీ మిషన్లు తుడిచాడు, చెత్తబుట్టల్లో సంచులు మార్చాడు. మాలు తట్ట నెత్తికెత్తుకోవడానికి ఒక మనిషి సాయం కావాలి, దించుకోవడానికీ కావాలి. మేస్త్రి మంచి కోరడం కూడా ఎవరో మోయమన్నారని మోసిన తట్టే. మోయమన్నవాళ్లే లేరని తేలింది. ఇంటికి పోతే అడిగేవాడు లేడు. బాలానగర్ పోకుండా ఉంటే, మేస్త్రి నోట్లో నీళ్లు పోసేవాడు లేడు.

డ్యూటీ దిగి బాలమ్మకు ఫోన్ చేశాడు.

"ఆని మొకం జూడనీకె పోతవా? నీకేమన్న మతి తప్పిందా?" అంది బాలమ్మ. వెనక కుక్కర్ రెండు కూతలు కూసింది. "ఆని మాట ఇని నేను గూడ నిన్ను అడిగిన గద" అంది చివరికి. "పో. మబ్బువట్టింది, యాడన్న తడిస్తవ్."

మెట్రో మారి బాలానగర్‌లో దిగేసరికి నాలుగు. లేతు షెడ్ల మధ్య సందులో కోసిన ఇనుము వాసన, నల్లటి నూనె మరకలు. రేకుల గది ముందు స్టూలు మీద యాదయ్య కూర్చుని ఉన్నాడు.

"అచ్చినవా. రావనుకున్న."

"నేను గూడ అనుకున్న."

కళ్లు మూసుకుని చూసిన మేస్త్రి వేరు. ఇక్కడ మంచం మీద ఉన్నది ఒక దుప్పటి ముడత. చొంగ కారి గడ్డం మీద ఎండిపోయింది. గదిలో వాసనకి మొగిలి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. మేడం నేర్పిన మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. అప్పుడు మొగిలి బకెట్‌లో నీళ్లు తెచ్చి, కండువా తడిపి, ఆ గడ్డం తుడవడం మొదలుపెట్టాడు. మెడ తుడిచాడు. చేతులు తుడిచాడు. వేళ్ల దగ్గరికొచ్చాక ఒక్కొక్క వేలూ విడదీసి తుడిచాడు.

మేస్త్రి కళ్లు తెరిచాడు. "ఎవలు?"

"మొగిలిని."

ఆ కళ్లు చాలాసేపు వెతికాయి. "తాగి అచ్చినవా?"

గుమ్మంలో యాదయ్య తల దించుకున్నాడు. మొగిలికి లోపల ఏదో భగ్గుమంది, అదే ఊపులో నవ్వొచ్చింది. అబద్ధం చెప్పినవాడే ఇరవై ఏళ్లకి దాన్ని నమ్మేశాడు, పాపం.

"లేదు మేస్త్రీ. నేను తాగలే. నువ్వు తాగు" అని తల కింద చెయ్యి పెట్టి లేపి, చెంచాతో నీళ్లు పోశాడు. మొదటి చెంచా పక్కకి కారిపోయింది. రెండోది లోపలికి పోయింది.

రేకుల మీద వాన మొదలైంది. ఆ చప్పుడుకి మేస్త్రి ఉలిక్కిపడి, మొగిలి చెయ్యి పట్టుకున్నాడు. ఒకప్పుడు మూడు బస్తీలకు వినపడిన గొంతు, ఇప్పుడు చెవి నోటి దగ్గర పెడితేగాని అందలేదు.

"మొగిలీ, ఎక్కకు రా. కట్టె తడిగున్నది. దిగు."

మొగిలి ఆ చెయ్యి మీద తన రెండో చెయ్యి వేశాడు.

"దిగిన మేస్త్రీ" అన్నాడు. "కిందనే ఉన్న. జూడు, నీ పక్కనే ఉన్న."

"దిగినవా?"

"దిగిన."

పట్టు మెల్లగా సడలింది. వాన వెలిసిన కాసేపటికి యాదయ్య లోపలికొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. మొగిలి మేస్త్రి రెండు చేతులూ తెచ్చి ఛాతీ మీద పెట్టి, దుప్పటి అంచులు సమంగా లాగాడు. మనుషుల్ని పిలవడానికి ఇద్దరూ బయటికి నడిచారు.

కిటికీ గట్టు మీద గోడల మట్టం చూసే మేస్త్రి రసమట్టం ఉంది, టేకుకర్రది, అంచులకు ఇత్తడి బిళ్లలున్నది; ఊరందరి గోడలూ నిలబెట్టిన మనిషి కిరాయి గదిలో కిటికీ గట్టు ఒరిగి ఉండటంతో, దాని గాజుగొట్టంలోని గాలిబుడగ ఒక పక్కకి జరిగి, అక్కడే కదలకుండా ఉంది.