స్వస్థత రద్దు కోరుతూ దరఖాస్తు

నా కాళ్ల కోసం ప్రార్థన చేయని ప్రసంగీకుడు ఖిదిర్‌పూర్‌కి ఇంతవరకు రాలేదు. ఏటా ఫిబ్రవరిలో మా తెలుగు క్రైస్తవ సంఘంలో మూడు రోజులు ఉజ్జీవ సభలు జరుగుతాయి. విశాఖ వైపు నుంచి ఎవరో ఒకరు హౌరాలో రైలు దిగుతారు, సంఘపెద్దల ఇళ్లలో చేపల పులుసు తింటారు, మూడో రోజు సాయంత్రం స్వస్థత కూటం పెడతారు. ఆ కూటానికి మొదటి వరసలో పూలకుండీలను సర్దేటప్పుడే నా చక్రాల కుర్చీని కూడా సర్దుతారు. నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది, ఇప్పుడు ముప్పై ఏళ్లు. ఇన్నేళ్లలో నా నెత్తి మీద చెయ్యి పెట్టినవాళ్లందరినీ ఎక్కిస్తే ఒక లోకల్ బోగీ నిండుతుంది. ప్రార్థన అంటే నాకు కోపం లేదు. ఏం కావాలమ్మా అని వాళ్లలో ఒక్కరూ అడగలేదు, నా కోపం అదీ.

నాకు కావలసింది తొంభై కిలోలు. నేను పారా పవర్‌లిఫ్టర్‌ని. బల్ల మీద వెల్లకిలా పడుకుంటే కాళ్లను పట్టీతో కట్టేస్తారు. ఇనుప కడ్డీని ఛాతీ దాకా దించి, ఒక్క క్షణం ఆపి, మళ్లీ పైకి నెట్టాలి. కాళ్లు పనిచేయని వాళ్లకే ఈ పోటీ. యాభై కిలోల తరగతిలో తొంభై ఎత్తితే రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు పంపుతారు, అక్కడ గెలిస్తే భారత జట్టు. భారత జట్టు అన్నప్పుడల్లా మా సంఘంలో అందరూ చిరునవ్వుతో దేవుడి చిత్తమైతే అంటారు. నా కాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆ ‘అయితే’ ఉండదు.

ఈ బలం నాకు ఎక్కడినుంచి వచ్చిందంటే, ఇంటి మెట్ల నుంచి. మేముండేది పాత ఇంట్లో రెండో అంతస్తు. ముప్పై ఎనిమిది మెట్లు, లిఫ్టు లేదు. నాకు పన్నెండేళ్లు వచ్చేదాకా మా అమ్మ రోజమ్మ నన్ను ఎత్తుకుని ఎక్కించేది. ఆమె నడుం పట్టేశాక నేను చేతుల మీద ఎక్కడం మొదలుపెట్టాను. ఓడరేవు డాకుల దగ్గర పాత గోడౌనులో జిమ్ము నడిపే శ్యామసుందర్ ఒకరోజు మా కింద వాటావాళ్లింటికి వచ్చి, నేను మెట్లెక్కడం చూశాడు. అయ్యో పాపం అనలేదు. నా భుజాల వంక చూసి, బరువెంత అని అడిగాడు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి డాకు పనికి వచ్చిన కుటుంబం ఆయనది, మాట తెలుగులో మొదలుపెట్టి బెంగాలీలో ముగిస్తాడు. అందరికీ ఆయన శ్యామ్‌దా, బెంగాలీలో దా అంటే అన్న. ఆయన దగ్గర నాలుగేళ్లు సాధన చేసి సంపాదించినవి రెండు: ఎనభై ఏడు కిలోలు, కుడి భుజంలో నొప్పి.

ఏప్రిల్లో రాష్ట్ర ఎంపిక. ఫిబ్రవరి సభలకు ఈసారి బ్రదర్ వెంకటరత్నం గారు వచ్చారు. ఆయన నా ముందుకు వచ్చి వంగినప్పుడు, కాళ్ల సంగతి తర్వాత చూద్దాం, కుడి భుజం కోసం ప్రార్థన చెయ్యండి అని మెల్లగా అడిగాను. ఆయన ఎంతో ప్రేమగా నవ్వి, మైకు తీసుకుని, ఈ కుమార్తెకు ఎంత వినయమో చూడండి, అంత గొప్ప దేవుణ్ణి ఇంత చిన్నది అడుగుతోంది అని సభకు చెప్పారు. చెప్పి, కాళ్ల దగ్గరికే వెళ్లారు.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు దడ పుట్టింది. పొరపాటున ప్రార్థన ఫలిస్తే నా గతేమిటి? కాళ్లకు కండ పడితే నా బరువు యాభై దాటుతుంది. పై తరగతిలో బర్ధమాన్ అమ్మాయి ఒకతె నూట ఐదు ఎత్తుతోంది. పూర్తిగా నడిచేస్తే అసలు పోటీకే పనికిరాను. ప్రభువా, ఏప్రిల్ దాకా ఓపిక పట్టు అని నేనూ కళ్లు మూసుకుని అడిగాను. ఆ సాయంత్రం ఫలించిన ప్రార్థన అదొక్కటే.

లేపండి అన్నారు బ్రదర్ గారు. సంఘ కార్యదర్శి సత్యానందం అంకుల్ ఒక చంక కింద, ఇంకో పెద్దాయన రెండో చంక కింద చేతులు వేశారు. వెనక నుంచి నడుం పట్టుకున్నది మా అమ్మ. పియానో, చప్పట్లు, స్తోత్రాలు. అంత గోలలోనూ అమ్మ నా చెవి దగ్గర అన్న మాట నాకు వినబడింది. “ఒక్కడుగు ఎయ్యవే అమ్మా.”

తుంటి విసిరితే కాలు ముందుకు ఊగుతుంది. చిన్నప్పుడు కాళ్లకు ఇనుప కాలిపర్లు తొడుక్కున్న రోజుల్లో నేర్చిన విద్య అది. అమ్మ గొంతు విని ఆగలేక రెండుసార్లు విసిరాను. అది నా తప్పే, ఎవరి మీదా తోయను. ముగ్గురు మనుషులు నన్ను గాల్లో పెట్టుకుని రెండడుగులు ముందుకు వచ్చారు, సభ అంతా ఏడ్చింది.

మా సంఘం యూట్యూబు చానెల్ చూసేది ఎరిక్ అన్నయ్య. సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం, తెలుగు మాట్లాడతాడు కాని, చదివేదీ రాసేదీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. మర్నాడే వీడియో పెట్టాడు. దాని పేరు ‘ఇరవై ఎనిమిదేళ్ల కుంటితనం ఆరు నిమిషాల్లో మాయం’. నా చక్రాల కుర్చీని ఖాళీగా విడిగా ఫోటో తీసి మొదట్లో పెట్టాడు. ఆ ఫోటో తీసేంతసేపూ నేను బల్ల మీద కూర్చుని, కుర్చీ ఎప్పుడు తిరిగిస్తారా అని ఎదురు చూశాను. నెల తిరిగేసరికి రెండు లక్షల మంది చూశారు. అమ్మ ఆ రెండడుగుల గురించి చేపల బజారులో, రేషన్ లైన్లో, ట్రామ్ డిపో దగ్గర కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూసి నేను నోరు మూసుకున్నాను.

ఆ రెండు లక్షల మందిలో ఇంకో జిల్లా కోచ్ కూడా ఉన్నాడు. ఎంపికకు వారం రోజుల ముందు పోటీల కమిటీకి ఫిర్యాదు వెళ్లింది. నడవగలిగిన మనిషి వికలాంగుల పోటీలో దూరుతోందట, సాక్ష్యం ఇదిగో అని వీడియో జతచేశాడు.

కమిటీ డాక్టరు నా కాళ్లు నొక్కి, సుత్తితో కొట్టి, సూదితో గుచ్చి, ఈ కాళ్లు నిలబడేవి కావని రాసిచ్చాడు. అక్కడితో అయిపోవాలి. కాని ఫైల్లో డాక్టరు ఒక్కడు, అవతల రెండు లక్షల మంది. కమిటీ అధ్యక్షురాలు మిత్రా మేడం ధర్మాత్మురాలు, ఫైలుకు మించిన ధర్మం ఆమెకు తెలియదు. వీడియోలో నన్ను పట్టుకున్న ముగ్గురిలో ఒకరైనా, ఈ మనిషి తనంతట తాను నడవలేదని ఎంపిక జరిగే శనివారం పొద్దున పది గంటల్లోగా రాసివ్వాలన్నది. లేకపోతే నా పేరు తీసేస్తారు. మళ్లీ ఎంపిక రెండేళ్లకి, నా భుజానికి అంత గడువు లేదు.

సత్యానందం అంకుల్ దగ్గరికి వెళ్లాను. ఆయన ముప్పై ఐదేళ్లు ఒక పెద్ద ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. సంఘం రిజిస్టర్లు, రబ్బరు ముద్ర, స్టాంపు ప్యాడు ఆయన అధీనంలో ఉంటాయి. మనిషి చెడ్డవాడు కాదు. మా నాన్న పోయినప్పుడు పెట్టె మోసిన నలుగురిలో ఆయన ఒకరు. విషయం విని తల పట్టుకున్నారు. సభల నివేదిక అప్పుడే పై వాళ్లకు పంపేశారట. అందులో ఈ ఏడాది స్వస్థతలు: నడుం నొప్పులు మూడు, మధుమేహం ఒకటి, కాళ్లు ఒక జత.

“రిజిస్టర్లో ఎక్కీసిన దాన్ని కొట్టీడానికి రూల్ నేదమ్మా,” అన్నారు. “నడవనేదని నేను రాసిచ్చీస్తే దేవుడి పరువు ఏటైపోద్ది?”

“దేవుడు ఏమీ అనుకోడు అంకుల్, ఆయనకి అసలు సంగతి తెలుసు కదా,” అన్నాను.

అంకుల్ కళ్లజోడు పెట్టుకుని కాగితం ముందుకు లాక్కున్నారు. మొదటి చిత్తు ఇలా ఉంది: ‘సదరు సోదరికి స్వస్థత మంజూరైన మాట వాస్తవము. అయితే అది ఇంకను అమలులోనికి రావలసి యున్నది.’ ఇది చెల్లదన్నాను. రెండో చిత్తు: ‘సదరు సోదరి పూర్ణ స్వస్థత పొందియు, స్వకారణములచే నడచుట మానుకొనినది.’ నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనసుంటే ఇంకో చిత్తు రాయమని చెప్పి వచ్చేశాను. రెండో చంక పట్టుకున్న పెద్దాయన ఆ వారమే లిలువాలో కూతురింటికి వెళ్లి ఫోను ఎత్తడం మానేశాడు. వీడియో తీసేయమంటే ఎరిక్ అన్నయ్య, కింద జనం రాసిన కామెంట్లు చదివి వినిపించి, ఇంతమంది విశ్వాసం నీ పోటీ కోసం పాడు చేస్తావా అని నన్నే అడిగాడు.

ఇక మిగిలింది అమ్మ. ఆమెను నేను అడగలేదు. అడగలేకపోయాను. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ అడుగుల కోసం ఉపవాసాలున్న మనిషిని పట్టుకుని, అవి అబద్ధమని సంతకం పెట్టు అని ఏ నోటితో అంటాను? శుక్రవారం శ్యామ్‌దా ఇంటికి వచ్చి, నేను ఆపుతున్నా వినకుండా, మొత్తం చెప్పేశాడు. అమ్మ విని, బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండిపోయింది.

శనివారం పొద్దున నేను బయల్దేరేసరికి అమ్మ ఆదివారం గుడికి కట్టుకునే తెల్లచీర కట్టి గుమ్మంలో నిలబడి ఉంది. నాలుగేళ్లలో ఆమె నా పోటీకి రావడం అదే మొదటిసారి.

వికలాంగుల పోటీ పెట్టిన ఆ హాలుకి ఏడు మెట్లున్నాయి, ర్యాంపు లేదు. దానికి బదులు ‘స్ఫూర్తి’ అని రాసిన టీషర్టులు వేసుకున్న వలంటీర్లు ఉన్నారు. మమ్మల్ని మోస్తూ ఫోటోలు దిగడం వాళ్ల పని. నేను వాళ్లను జరగమని చెప్పి చేతుల మీద ఎక్కాను. భుజం పాడు చేసుకుంటావని శ్యామ్‌దా బెంగాలీలో తిట్టాడు.

మిత్రా మేడం బల్ల ముందు అమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె చెప్పింది శ్యామ్‌దా బెంగాలీలోకి మార్చాడు.

“నా గుంట నడవనేదు దీదీ. నేనే ఎత్తినాను. పన్నెండేళ్లు మోసిన చేతులివి, దీని బరువు నాకు తెల్దేటి? ఆ రోజు బరువంతా నా చేతుల్లోనే ఉన్నాది. అప్పుడే నాకు తెలిసిపోనాది.”

నేను అమ్మ వైపు తిరిగాను. అప్పుడే తెలిస్తే ఊరంతా ఎందుకు చెప్పావని అడిగాను.

“రెండడుగులు చూసినాను కదే,” అంది. “అబద్ధవే అయినా, చూసినాను కదా.”

ఆ మాటలే నేను తెలుగులో రాసిన కాగితం మీద మూడు అక్షరాలతో సంతకం పెట్టింది. మేడం ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఏది పైభాగమో శ్యామ్‌దాని అడిగి, ఫైల్లో పెట్టింది. పదికి రెండు నిమిషాలుందనగా సత్యానందం అంకుల్ రొప్పుకుంటూ వచ్చారు. చేతిలో మూడో చిత్తు, కింద సంఘం ముద్ర. ‘పోటీల నిమిత్తము సదరు స్వస్థత తాత్కాలికముగా నిలుపుదల చేయబడినది.’ ముద్ర ఉంది కాబట్టి మేడం దాన్ని కూడా ఫైల్లో పెట్టింది. ఆ వయసులో ఆయన రెండు బస్సులు మారి వచ్చారు. ఆయన్ని ఎంత వెక్కిరించినా ఆ మాట కూడా చెప్పాలి.

నా బరువు నలభై తొమ్మిది కిలోల మూడు వందలు. మొదటి ప్రయత్నంలో ఎనభై నాలుగు, తేలిగ్గా లేచింది. రెండోది ఎనభై ఏడు. కడ్డీ పైకి వెళ్తున్నప్పుడు కుడి భుజంలో ఏదో చిరిగినట్టయింది, అయినా ముగ్గురు జడ్జీలూ ఒప్పుకుని మూడు తెల్ల లైట్లు వెలిగించారు. మూడోది తొంభై. పిలుపు కోసం తెర వెనక కూర్చున్నప్పుడు అమ్మ వచ్చి నా ముందు మోకరించింది. కళ్లు మూసుకుని, అలవాటు కొద్దీ రెండు చేతులూ నా మోకాళ్ల మీద పెట్టింది. పెదవులు కదలబోయి ఆగిపోయాయి. కళ్లు తెరిచింది.

“ఏ భుజవే?”

“కుడిది.”

చేతులు మోకాళ్ల మీంచి తీసి కుడి భుజం మీద వేసింది. ఏం ప్రార్థించిందో నాకు వినబడలేదు. మైకులో నా పేరు పిలిచారు.

తొంభై లేచింది. సగంలో ఆగింది, వణికింది, నేను బూతుమాట ఒకటి అనుకున్నాను, లేచింది. మూడు తెల్ల లైట్లు. శ్యామ్‌దా ఎగిరిన ఎగురుడికి ఆయన చెప్పు ఎక్కడో పడింది. వెనక వరసలో ఎరిక్ అన్నయ్య ఫోను పట్టుకుని ఉన్నాడు. అతను ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు. ఆ సాయంత్రమే వీడియో వచ్చింది: ‘స్వస్థత పొందిన సహోదరికి మరో అద్భుతం’. నాలుగేళ్ల సాధన గురించి అందులో ఒక్క ముక్క లేదు.

తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో అమ్మ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఖిదిర్‌పూర్ వంతెన దాటాక నా వైపు తిరిగి, భుజం తగ్గినాదేటి అని అడిగింది. అడుగుతున్నప్పుడు ఆమె కళ్లలో ఫిబ్రవరి నాటి ఆశే ఉంది. తగ్గిందని చెప్పడం నాకు ఒక్క క్షణం పని. తుంటి విసిరినంత తేలిక.

“లేదమ్మా. ఇంకా నొప్పిగానే ఉంది,” అన్నాను.

అమ్మ తలూపింది. “సర్లే. రేపు మళ్లీ అడుగుతాను,” అని, దారి పొడవునా భుజం మీద చెయ్యి వేసే ఉంచింది.