మూడు పూటలా అని చెప్పింది నేనే

ఆ మందుల కవరు మీది అక్షరాలు చదివింది నేను. మెర్లిన్ కాదు. ఈ మాట చెప్పవలసిన రోజున నా నోటి నుంచి రాలేదు. అందుకే ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆయన యేసుదాసు ఉక్కు ప్లాంటులో పనిచేస్తూ, రిటైరవడానికి ఇంకా రెండేళ్లుందనగా పోయాడు. పింఛను కాగితాల దగ్గర గుమాస్తా నా బొటనవేలు పట్టుకుని సిరా దిమ్మ మీద అదిమాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్లందరూ చూశారు. ఆ ఏడాదే చర్చి వరండాలో డైసీ టీచరు దగ్గర పలక పట్టాను. అప్పటికి నాకు యాభై ఏడు. ముందు తెలుగు వచ్చింది, తరవాత ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. మాటలు పూర్తిగా రాకపోయినా అక్షరాలు విడివిడిగా చదివేదాన్ని.

ఆస్పత్రిలో మందుల కిటికీ దగ్గర మాత్రల పట్టీలు కత్తిరించి చిన్న కాగితం కవర్లలో వేసి ఇస్తారు. ఎన్నిసార్లు వేసుకోవాలో కవరు మీద రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. నా బీపీ మాత్రల కోసం వరసలో నిలబడినప్పుడు నేను అక్కడ చెవి పెట్టి వినేదాన్ని. ఓడీ అని ఉంటే కిటికీలో మనిషి "ఏక్ బార్" అనేవాడు, ఒకసారి అని. బీడీ అని ఉంటే "దో బార్", రెండుసార్లు. టీడీఎస్ అయితే "తీన్ బార్", మూడుసార్లు. హెచ్ఎస్ అంటే పడుకునే ముందు. ఇంటికి వచ్చి ఒక్కొక్కటే నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే రాదని తెలిసిపోతుంది కదా.

ఈ హిందీ ఊళ్లో, వైశాలి నగర్‌లో మా వీధిలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మా సంఘం వాళ్ల ఇళ్లు పదిహేను దాకా ఉన్నాయి. నాకు ఈ అక్షరాలు తెలుసని ఎలా పాకిందో పాకింది. గురువారం స్త్రీల కూటం అయ్యాక, టీ తాగుతూ, ఆడవాళ్లు బైబిలు సంచుల్లోంచి కవర్లు తీసేవాళ్లు.

"సారమ్మా, ఇదేటో చూడు. కోడి గీరినట్టు గీరీసినారు."

"హెచ్ఎస్. పడుకునే ముందు ఏసుకో."

"నాకు నిద్దరే పట్టదు కదే! మరెప్పుడు ఏసుకోమంటావు?"

అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. వేలిముద్ర వేసిన మనిషి చుట్టూ కూర్చుని, ఆమె ఏం చెబుతుందా అని పదిమంది ఎదురుచూడటం ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. ఆ తీపి మరిగాను.

మార్తమ్మ వదినది మా పక్కిల్లే. ఆమెకు చెవి మందం, మోకాళ్ల నొప్పులు. కొడుకు శామ్ ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. కోడలు మెర్లిన్ పుట్టిల్లు ఇక్కడికి దగ్గరే, ఉతై. పుట్టింది పెరిగింది ఇక్కడే కనుక హిందీ బాగా వచ్చు, తెలుగు తడుముకుంటుంది. మన కీర్తనలు హిందీ అక్షరాల్లో రాసుకుని పాడుతుంది. బీకామ్ చదివింది.

గత శ్రావణంలో ఒక గురువారం కూటం వాళ్లింట్లో జరిగింది. మార్తమ్మ వదిన ముందురోజు ఆస్పత్రికి ఒక్కతే వెళ్లి వచ్చింది. కిటికీ దగ్గర చెప్పిన మాట వినిపించలేదట, కవర్లు అందుకుని వచ్చేసింది. అవి నా ఒళ్లో పెట్టింది.

ఒకటి ఓడీ, ఇంకొకటి బీడీ. మూడో కవరులో తెల్లటి పెద్ద మాత్రలు, నొప్పికి. దాని మీద ఎస్ఓఎస్ అని ఉంది. అది నా నోటుబుక్కులో లేదు.

ఇది నాకు తెలీదు అనొచ్చు. మూడే మాటలు. కానీ అందరూ నా ముఖంలోకే చూస్తున్నారు. టీడీఎస్‌లో మూడక్షరాలు, మూడుసార్లు. ఇందులోనూ మూడక్షరాలే కదా అనుకున్నాను. ఓడీలో రెండక్షరాలున్నా ఒక్కసారే వేసుకోవాలన్న సంగతి మనసు అంచున తగిలింది. దాన్ని పక్కకు నెట్టేశాను.

"మూడు పూటలా. అన్నం తిన్నాక," అన్నాను.

టీ కప్పుల ట్రే పట్టుకుని మెర్లిన్ అక్కడే ఉంది. "ఆంటీ, అలా కాదనుకుంటా. దర్ద్... నొప్పి ఎక్కువ ఉంటేనే వేసుకోవాలి. మా డాడీకి కూడా ఎస్ఓఎస్ అనే రాశారు," అంది మెల్లగా.

నాకు ఒళ్లంతా వేడెక్కింది. "ఏటమ్మా, ఈ వీధిలో కవర్లన్నీ నాలుగేళ్ల బట్టీ నానే చూస్తన్నాను. తెలుగులో ఒక్క కీర్తన చదవడం రాదు గాని, డాక్టరు రాత చదివీస్తావేటి?"

అందరూ గొల్లున నవ్వారు. మెర్లిన్ ముఖం కందిపోయింది. నవ్వెందుకో మార్తమ్మ వదినకు వినిపించలేదు. పక్కావిడ చెవిలో చెప్పాక ఆమె కూడా కోడలి వైపు తిరిగి, "సారమ్మ సెప్పినట్టే ఇయ్యి. నీ హిందీ తెలివి నా మోకాళ్ల మీద సూపించకు," అంది.

మెర్లిన్ ట్రే తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి పూటకొకటి చొప్పున మూడు పూటలా తప్పకుండా ఇచ్చింది.

మోకాళ్ల నొప్పి తగ్గింది. తగ్గదా మరి! మార్తమ్మ వదిన చర్చి మెట్లు చెయ్యి ఊతం లేకుండా ఎక్కి, ఆదివారం లేచి సాక్ష్యం చెప్పింది. దేవుడి తరవాత సారమ్మకే వందనాలంది. మాత్రలు అయిపోయాయి. మధ్యలో మానకూడదని చెప్పింది కూడా నేనే. శామ్ ఖాళీ పట్టీ పట్టుకెళ్లి పవర్ హౌస్ బజారులో మందుల దుకాణంలో చూపించి కొనుక్కొచ్చేవాడు. అలా రెండు నెలలు దాటింది.

ముందు పాదాలు వాచాయి. తరవాత ముఖం ఉబ్బింది. అన్నం చూస్తే వాంతి. ఒక ఉదయం మంచం మీంచి లేవలేకపోయింది. శామ్, మెర్లిన్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. మధ్యాహ్నం నేను ఫ్లాస్కులో జావ పట్టుకుని వెళ్లాను.

డాక్టరమ్మ శ్రీవిద్యగారు మన తెలుగామే. రక్తపరీక్ష కాగితం చూస్తూ వార్డు బయట శామ్‌తో మాట్లాడుతోంది. "కిడ్నీలు దెబ్బతిన్నాయి. పూర్తిగా పోలేదు, అదృష్టం. ఈ నొప్పి మాత్ర రోజుకి ఎన్ని వేస్తున్నారు?"

"మూడు," అన్నాడు శామ్.

"మూడా! ఎన్నాళ్లుగా?"

"రెండు నెలలు పైనే మేడమ్."

ఆమె కళ్లద్దాలు తీసింది. "ఎస్ఓఎస్ అని స్పష్టంగా రాసుంది కదయ్యా. నొప్పి ఓర్చుకోలేనప్పుడు మాత్రమే ఒకటి. రోజూ వేసే మందు కాదిది. ఎవరు చెప్పారు మూడని?"

శామ్ గిర్రున మెర్లిన్ వైపు తిరిగాడు. "మందులు ఇచ్చేది నువ్వే కదా? బీకామ్ చదివి ఆ మూడక్షరాలు తెలీదా నీకు?"

"సారమ్మ ఆంటీ..." అని మొదలుపెట్టింది మెర్లిన్.

"పెద్దావిడ మీదికి తొయ్యకు! ఆవిడ నిన్న కాక మొన్న అక్షరాలు నేర్చుకుంది. నీ బుద్ధి ఏమైంది?"

మెర్లిన్ నా వైపు చూసింది. అడిగినట్టు కూడా లేదు ఆ చూపు. నేను చెబుతానని నమ్మి ఆగినట్టు ఉంది. నేను ఫ్లాస్కు మూత సరిగ్గా బిగిసిందో లేదో తిప్పి చూసుకుంటూ నిలబడ్డాను. మూత బిగిసే ఉంది. అయినా తిప్పాను. డాక్టరమ్మ లోపలికి వెళ్లిపోయింది.

"అమ్మ ఇంటికొచ్చాక నువ్వు ఉతై పో. మందులు నేను చూసుకుంటాను. నీ చేత్తో ఇంకేమీ ఇవ్వొద్దు," అన్నాడు శామ్ హిందీలో. నాకు అర్థం కాదనుకున్నాడేమో. నలభై ఏళ్లుగా ఇక్కడున్నాను, అర్థమైంది.

ఆరు రోజులకు మార్తమ్మ వదిన ఇంటికి వచ్చింది. ఆ ఆరు రోజులూ నేను చెప్పకపోవడానికి రోజుకొక కారణం వెతుక్కున్నాను. ముందు ఆమె కోలుకోవాలి అనుకున్నాను. శామ్ కోపం చల్లారాక చెబుదాం అనుకున్నాను. భార్యాభర్తల మధ్యకు నేనెందుకు అని కూడా అనుకున్నాను. ఈలోగా వీధిలో కోడలు అత్తకు మందు ఎక్కువిచ్చిందన్న మాట పాకింది. అది చెప్పినవాళ్లు నా ముందే చెప్పారు. నేను ఊఁ కొట్టాను. దీన్ని రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ ఊఁ కొట్టాను.

గురువారం వాళ్లింట్లోనే కృతజ్ఞత కూటం పెట్టారు. గుమ్మం పక్కన మెర్లిన్ బ్యాగు సర్ది ఉంది. మార్తమ్మ వదిన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. శామ్ మొదటి షిఫ్టు దిగి వచ్చి, హెల్మెట్ చేత్తోనే పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. మెర్లిన్ వంటగదిలో ఉంది.

మా కూటంలో పాట తరవాత సాక్ష్యాలు చెబుతారు. మనవడు పాసయ్యాడనో, జ్వరం తగ్గిందనో, దేవుడు చేసిన మేలు లేచి చెబుతారు. ఎవరూ తాము చేసిన చెడు చెప్పగా నేను వినలేదు. డైసీ టీచరు, "సారమ్మా, వదినని దేవుడు లేపినాడు. నువ్వు చెప్పు," అంది.

లేచాను.

"మార్తమ్మ వదినకి మూడు పూటలా అని చెప్పినది నాను. మెర్లిన్ కాదు. మీరంతా ఇక్కడే ఉన్నారు. ఇన్నారు, నవ్వినారు."

టీచరు గొంతు సవరించుకుంది. "పోనీలే సారమ్మా. తెలీక చెప్పినావు. దేవుడు హృదయం చూస్తాడు."

ఆ మాట పట్టుకుని కూర్చుండిపోవచ్చు. నాకు అంత సులువైన దారి చూపించింది. "తెలీక కాదు టీచరుగారూ. తెలీదని తెలిసే చెప్పినాను. ఆ పిల్ల సరిగ్గానే చెప్పింది, నొప్పి ఉంటేనే ఏసుకోవాలని. దాని నోరు నాను మూయించినాను. ఆస్పత్రిలో శామ్ తిడతంటే ఇనుకుంటా నిలబడ్డాను."

మార్తమ్మ వదినకు సగమే వినిపించింది. "ఏటంటంది?" అని అడిగింది. పక్కావిడ చెప్పడానికి జంకింది. నేనే మంచం దగ్గరికి వెళ్లి ఆమె చెవి దగ్గర వంగి మళ్లీ అంతా చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. ఆమె ఉబ్బిన కళ్లతో నన్ను చూసింది.

"నువ్వు సెప్పినావనే మింగినాను కదే సారమ్మా," అంది. తిట్టలేదు. ఆ ఒక్క మాటే అని ముఖం అటు తిప్పుకుంది.

శామ్ వంటగది వైపు నడిచాడు. ఈలోగా మెర్లిన్ తానే బయటికి వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడతను.

"చెప్పాను. ఆస్పత్రిలో చెప్పబోతే ఆపేశారు. ఇంట్లో చెబితే అబద్ధం అన్నారు," అంది మెర్లిన్. తరవాత అల్మారాలోంచి మందుల డబ్బా తీసి, కవర్లు ఒక్కొక్కటే అతని అరచేతిలో పెడుతూ ఏది ఎప్పుడో చెప్పింది. అతను తలూపుతూ విన్నాడు.

"మరి ఇప్పుడు వెళ్లక్కర్లేదు కదా," అన్నాడు శామ్ చివర్లో.

"మీరు పంపితే వెళ్లడం కాదిది. నాకే వెళ్లాలని ఉంది. నాలుగు రోజులు ఉండి వస్తాను." బ్యాగు అందుకుంది.

నేను ఆమె వెనకే వీధిలోకి వెళ్లాను. బ్యాగు పట్టుకోబోతే ఇవ్వలేదు. ఆటో ఆగింది.

"నన్ను క్షమించమ్మా," అన్నాను.

మెర్లిన్ ఆటోలో కూర్చుని చున్నీ సర్దుకుంది. "ఆంటీ, ఇవాళ మీరు చెప్పారు, అచ్ఛా కియా, మంచి పని చేశారు. కానీ హాస్పిటల్లో నేను మీ వైపు చూశాను కదా. అది నేను ఇంకా మర్చిపోలేదు."

ఆటో వెళ్లిపోయింది. గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పులు విడిచాను. లోపల ముగింపు ప్రార్థన ఇంకా కాలేదు, అది ఎప్పుడూ నేనే చేస్తాను. టీచరు నా కోసం చూస్తోంది. నా చోటు వదిలేసి, గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాను. "మీరే చెయ్యండి టీచరుగారూ," అన్నాను.